సన్నాయి మేళంతో పాటు వచ్చినవాడు

చిరంజీవులు సహస్రకి, విహాన్‌కి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. మేమంతా ఇక్కడ క్షేమం. భోగికి ఇల్లు దులుపుతుంటే అటక మీద సీడీల డబ్బా దొరికిందనీ, వాటిని పాత కంప్యూటర్‌లో పెట్టి విందామంటే అమ్మ "ఎక్కడెక్కడివో ఏమో, వైరస్‌లొస్తాయి, వద్దు" అందనీ, నాన్నేమో "పాటలకి వైరస్ ఏమిటి?" అన్నాడనీ రాశారు. ఎవరి మాట నిజం తాతయ్యా అని అడిగారు. దానికి ముందు ఒక మాట. ఆ సీడీలను భోగిమంటలో మాత్రం వెయ్యకండి. ప్లాస్టిక్ పొగ పీల్చకూడదు.

నాన్న చెప్పింది నిజమే. మామూలు పాటల సీడీలో ఉండేది శబ్దమే. సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఆ అంకెలను వరసగా రాసిపెడతారు. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి తెచ్చిన పద్ధతి అది. ఆ అంకెలు ఎవరి కంప్యూటర్‌నీ పాడు చెయ్యవు. అయితే అమ్మ భయమూ ఊరికే పుట్టలేదు. 2005లో అమెరికాలో పెద్ద కంపెనీ అమ్మిన పాటల సీడీలే, డబ్బులిచ్చి కొనుక్కున్నవాళ్ళ ఇళ్ళలోకి ఒక దొంగను తీసుకొచ్చాయి. ఆ కథ చెబుతాను వినండి.

కంప్యూటర్‌ని పెళ్ళివారిల్లు అనుకోండి. పెళ్ళింట్లో ఎంతమంది తిరుగుతుంటారో మీరు చూశారు కదా. ఎవరు ఆడపెళ్ళివారి తరపో, ఎవరు మగపెళ్ళివారి తరపో, ఎవరు ఊరికే భోజనానికి వచ్చారో ఒక పట్టాన తెలియదు. కంప్యూటర్‌లో కూడా అంతే. మనం ఒక్క పాట వింటున్నామనుకుంటాం గానీ, లోపల పదుల కొద్దీ ప్రోగ్రాములు ఎవరి పని మీద వాళ్ళు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఇంట్లో ఎవరెవరున్నారో, ఏ గదిలో ఏముందో చెప్పడానికి పెత్తనం చేసే మావయ్య ఒకడుంటాడు. ఆయనే విండోస్. కాపలావాడు కూడా ఏదైనా కావాలంటే ఆయన్నే అడుగుతాడు. ఆ కాపలావాడు యాంటీవైరస్.

పెళ్ళి అనేసరికి మా చిన్నప్పుడు కోనసీమలో జరిగిన మా పిన్ని పెళ్ళి గుర్తొస్తోంది. తాటాకు పందిరి, పెరట్లో గాడిపొయ్యి, దాని మీద పెద్ద పెద్ద గుండిగలు. వడ్డన దగ్గరికి పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. మా తాతగారు నాకో పని పెట్టారు. బంతి లేచాక, ఎంగిలి విస్తళ్ళు ఎత్తి దిబ్బ మీద పారేస్తారు కదా, అవి ఎన్నో లెక్కపెట్టి రమ్మన్నారు. నాకు రోషం వచ్చింది. "భోజనానికి ఎంతమంది కూర్చున్నారో మావయ్య రాస్తున్నాడుగా, మళ్ళీ ఆకులెందుకు?" అన్నాను. ఆయన కోప్పడలేదు. "మావయ్య లెక్క మావయ్యది. ఆకుల లెక్క ఆకులది. రెండూ కలిస్తే మనం హాయిగా పడుకోవచ్చు. కలవకపోతే మనకి తెలియకుండా ఎవరో తిని వెళ్ళినట్టు" అన్నారు. నేను ముక్కు మూసుకుని లెక్కపెట్టాను. పప్పు, పులుసు, బొబ్బట్ల నెయ్యి కలిసిన ఆ వాసన నాకు ఇప్పటికీ తెలుసు. ఆ పెళ్ళిలో లెక్కలు కలిశాయో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. సన్నాయి మాత్రం బాగా గుర్తుంది. పెద్ద మేళం, రాజమండ్రి నుంచి వచ్చింది. డోలు కొట్టేవాయన వేళ్ళకి తొడుక్కున్న తొడుగులు చూస్తూ కూర్చుండిపోయాను.

సరే, మన కథకి వద్దాం. అప్పట్లో సోనీ బీఎంజీ అని ఒక సంగీత కంపెనీ ఉండేది. జనం సీడీలు కొని, కంప్యూటర్‌లో కాపీ చేసి, నెట్‌లో అందరికీ పంచేస్తున్నారని వాళ్ళ బాధ. ఆ బాధ నిజమైనదే. పాడినవాళ్ళకీ, వాయించినవాళ్ళకీ కూలి ముట్టాలి. దానికోసం వాళ్ళు ఒక బ్రిటిష్ కంపెనీ దగ్గర ఎక్స్‌సీపీ అనే ప్రోగ్రాం తీసుకుని, పాటలతో పాటు సీడీలో రెండో భాగంగా పెట్టారు. పాటలు మాత్రమే వినిపించే ప్లేయర్‌కి ఆ భాగం కనబడదు. కంప్యూటర్‌కి కనబడుతుంది. పైగా ఆ రోజుల్లో విండోస్‌కి ఒక అలవాటుండేది. సీడీ పెట్టగానే అందులో ఉన్న ప్రోగ్రాంని తనంతట తానే మొదలుపెట్టేసేది. ఇళ్ళల్లో చాలామంది అన్ని తాళాలూ ఉన్న యజమాని హోదాలోనే కంప్యూటర్ వాడేవాళ్ళు కాబట్టి, వచ్చినవాడికి అన్ని గదులూ తెరిచి ఉన్నట్టే.

అంటే మీరు సన్నాయి మేళాన్ని పిలిచారు. మేళం వచ్చింది, పాట మొదలైంది. వాళ్ళ వెనకే ఎర్ర తలపాగా కట్టుకున్న మనిషొకడు లోపలికొచ్చి అటకెక్కి కూర్చున్నాడు. వాడి పని, మీరు ఆ పాటను మూడుసార్ల కన్నా ఎక్కువ కాపీ చెయ్యకుండా చూడటం. సీడీ పెట్టినప్పుడు ఒక పెద్ద ఒప్పందం తెరమీద కనబడేది. చిన్న ప్రోగ్రాం ఒకటి వస్తుందని అందులో ఉంది. అది దాక్కుంటుందని లేదు. దాన్ని తీసెయ్యడానికి దారి కూడా ఇవ్వలేదు.

దాక్కోవడం ఎలా అంటారా? వాడు ఇంట్లోకొస్తూనే మావయ్యకి కనికట్టు చేశాడు. ఎర్ర తలపాగా ఉన్నవాళ్ళెవరూ ఇక మావయ్య కంటికి కనబడరు. కాపలావాడు వచ్చి "అటక మీద ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే, మావయ్య అటువైపు చూసి "ఎవరూ లేరు నాయనా" అంటాడు. మావయ్య అబద్ధాలకోరు కాదు. ఆయన కళ్ళే అబద్ధం చెబుతున్నాయి. ఇలా దాక్కునే ప్రోగ్రాంలను రూట్‌కిట్‌లు అంటారు. విండోస్ లోపల ఏ తీగ ఎక్కడ మార్చి ఈ కనికట్టు చేస్తారన్నది మీరు పెద్దయ్యాక చదువుకోండి. నాకు మాత్రం ఒక యంత్రం తన గురించి తానే అబద్ధం చెప్పగలదని మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది.

మార్క్ రుసినోవిచ్ అని అమెరికాలో ఒక ఇంజనీరు. విండోస్ లోపలి సంగతులు బాగా తెలిసినవాడు. ఆయన రూట్‌కిట్ రివీలర్ అని ఒక చిన్న పనిముట్టు రాశాడు. అది ఏం చేస్తుందో చెబితే మీకు మా తాతగారు గుర్తొస్తారు. మొదట విండోస్‌ని అడుగుతుంది, నీ దగ్గర ఏయే ఫైళ్ళున్నాయి అని. తరవాత విండోస్‌ని అడక్కుండా హార్డ్‌డిస్క్‌ని నేరుగా తనే చదువుతుంది. రెండు జాబితాలూ పక్కపక్కన పెడుతుంది. విస్తళ్ళ లెక్కే! ఆ పనిముట్టుని తన సొంత కంప్యూటర్ మీదే పరీక్షిస్తే లెక్కలు కలవలేదు.

ఆయన కూర్చుని ఓపికగా వెతికాడు. కనబడకుండా పోయిన వాటన్నిటి పేర్లూ ఒకే రకంగా మొదలవుతున్నాయి. ముందు డాలర్ గుర్తు, తరవాత ఎస్, వై, ఎస్ అనే మూడక్షరాలు, మళ్ళీ డాలర్ గుర్తు. అదే ఎర్ర తలపాగా అన్నమాట. ఆయన చేసిన పరీక్ష నాకెంతో ఇష్టం. విండోస్‌లో నోట్‌ప్యాడ్ ఉంటుంది కదా, అమాయకమైన రాతపలక. దానికి ఒక నకలు తీసి, పేరు ముందు ఆ గుర్తులు పెట్టాడు. అంతే, నోట్‌ప్యాడ్ మాయమైపోయింది! అంటే దాక్కున్నవాడు తనని మాత్రమే దాచుకోవడం లేదు. ఆ తలపాగా ఎవరు చుట్టుకున్నా దాచేస్తున్నాడు.

దాని అడుగుజాడలు పట్టుకుపోతే ఆ బ్రిటిష్ కంపెనీ పేరు తేలింది. అప్పుడు ఆయనకి తను కొన్న ఒక సీడీ గుర్తొచ్చింది. వాన్ జాంట్ అనే అన్నదమ్ముల పాటలవి. దొంగతనంగా దించుకున్నవి కావు, కొనుక్కున్నవి. ఆ దాక్కున్న ఫైళ్ళను తనే తీసేస్తే సీడీ డ్రైవే కనబడకుండా పోయింది. అంతటి పనివాడు కాబట్టి సరిచేసుకున్నాడు. మామూలు ఇంటివాళ్ళ గతి ఏమిటి? 2005 అక్టోబరు 31న ఆయన ఇదంతా రాసి లోకానికి చెప్పాడు.

ఆ తలపాగా రేపు నిజం దొంగలు కూడా చుట్టుకుంటారేమోనన్న భయం కొద్ది రోజులకే నిజమైంది. నవంబరు 10 నాటికి దొంగ ప్రోగ్రాములు ఎర్ర తలపాగాలు చుట్టుకుని రావడం మొదలుపెట్టాయి. దాక్కోవడానికి కొత్త ఎత్తు వెయ్యక్కర్లేదు, కనికట్టు ముందే వేసి ఉంది. విహాన్‌కి ఆటలంటే ఇష్టం కదా, ఇది వాడికోసం: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో మోసం చేసేవాళ్ళు కూడా తమ ప్రోగ్రాంలకి ఇదే తలపాగా చుట్టి, ఆట తాలూకు కాపలాకి కనబడకుండా దాచారు.

సోనీ బీఎంజీ పెద్దల్లో ఒకాయన, టామస్ హెస్, అమెరికా రేడియోలో ఏమన్నాడో తెలుసా? రూట్‌కిట్ అంటే ఏమిటో చాలామందికి తెలియనే తెలియదు, అలాంటప్పుడు వాళ్ళకెందుకు పట్టింపు అని. ఆ మాట మీద నాకు ఇన్నేళ్ళయినా కోపం తగ్గలేదు. తెలియనివాడి ఇంట్లోకి దూరడం ఇంకా పెద్ద తప్పు పిల్లలూ. మీకు తెలియని విషయం అని ఎవరైనా మిమ్మల్ని పక్కకి నెడితే, అక్కడే నిలబడి ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. అమెరికా ప్రభుత్వంలో స్టీవర్ట్ బేకర్ అనే అధికారి మాత్రం సూటిగా అన్నాడు: ఆ పాట మీ ఆస్తి కావచ్చు, ఆ కంప్యూటర్ మీది కాదు.

గోల పెరిగాక, ఆ దాక్కున్నదాన్ని తీసెయ్యడానికి సోనీ బీఎంజీ వాళ్ళు ఒక ప్రోగ్రాం ఇచ్చారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్ ఫెల్టన్, ఆయన శిష్యుడు అలెక్స్ హాల్డర్‌మన్ దాన్ని చూసి తలపట్టుకున్నారు. వెబ్‌సైటు ద్వారా ఇచ్చిన ఆ ప్రోగ్రాం ఎర్ర తలపాగావాణ్ణి పంపించడానికి వచ్చి, వీధి తలుపు గొళ్ళెం ఊడదీసి వెళ్ళింది. ఆ తరవాత ఏ వెబ్‌సైటైనా ఆ కంప్యూటర్‌లో తన ప్రోగ్రాంని నడిపించుకోవచ్చు. ఈ హాల్డర్‌మన్ కథ ఇంకోటుంది. 2003లో, ఇంకా విద్యార్థిగా ఉండగా, మరో కంపెనీ వేసిన సీడీ తాళాన్ని పరీక్షించి, సీడీ పెట్టేటప్పుడు కీబోర్డు మీద షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే చాలు ఆ తాళం పనిచెయ్యదని రాశాడు. కోటి డాలర్ల దావా వేస్తామని ఆ కంపెనీ బెదిరించింది, వెంటనే వెనక్కి తగ్గింది కూడా. ఒక్క మీట! పనికొచ్చే సంగతి కనుక్కోవడానికి పెద్ద పెద్ద యంత్రాలే ఉండక్కర్లేదు.

ఈ ఎర్ర తలపాగావాడు ఎంత దూరం పాకాడో అంచనా వేసినవాడు డాన్ కమిన్‌స్కీ అనే కంప్యూటర్ భద్రతా నిపుణుడు. ఆయనా విస్తళ్ళే లెక్కపెట్టాడు. ఆ ప్రోగ్రాం అప్పుడప్పుడూ కంపెనీకి కబురు పంపేది. కబురు పంపాలంటే నెట్‌లో చిరునామా చెప్పే సర్వర్లని దారి అడగాలి. అవి అడిగినదాన్ని కాసేపు గుర్తుపెట్టుకుంటాయి. ఎవరి ఇంట్లోకీ వెళ్ళకుండా, ఆ సర్వర్లని మాత్రమే వాకబు చేస్తే, 5 లక్షల 68 వేలకు పైగా సర్వర్లకి ఆ చిరునామా తెలుసని తేలింది. నవంబరు మధ్యకల్లా కంపెనీ సీడీలను వెనక్కి తీసుకుంటానంది. అప్పటికి 50కి పైగా ఆల్బంలు, దుకాణాలకు పంపినవి 47 లక్షలు, అమ్ముడైనవి సుమారు 21 లక్షలు. టెక్సాస్ రాష్ట్రం దావా వేసింది. 2007లో, కొనుక్కునేవాళ్ళు మోసపోకుండా చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ కుదుర్చుకుని, కంప్యూటర్ చెడిపోయినవాళ్ళకి బాగుచేయించుకోవడానికి 150 డాలర్ల దాకా ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది.

నా మనసుని ఎక్కువ కష్టపెట్టింది డబ్బు లెక్క కాదు. నెట్‌లో ఆ పాటల్నే దొంగతనంగా దించుకున్నవాడి కంప్యూటర్‌లోకి ఆ మనిషి రాలేదు. దుకాణానికి వెళ్ళి, డబ్బులిచ్చి, రసీదు తీసుకున్నవాడి ఇంట్లోకే వచ్చాడు. మంచిగా నడుచుకున్నవాళ్ళని శిక్షిస్తే రేపు మంచిగా ఎవరు నడుచుకుంటారు? తలుపు కొట్టి, పేరు చెప్పి, "మూడు కాపీలకి మించి తీసుకోవద్దు, నేను చూస్తుంటాను" అని చావడిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే, ఉండనివ్వాలో పొమ్మనాలో ఇంటివాళ్ళే తేల్చుకునేవాళ్ళు.

కాబట్టి మీ సీడీల మీద ఊరికే టెన్షన్ పడొద్దు. ఆ సోనీ సీడీలు ఎక్కువగా అమెరికాలో అమ్మినవి, పాత విండోస్‌ల కోసం చేసినవి. తరవాత వచ్చిన విండోస్‌లు సీడీ పెట్టగానే ఏదీ మొదలుపెట్టవు, ఏం చెయ్యమంటారని ముందు అడుగుతాయి. అడిగినప్పుడు చదవండి. పాట వినడానికి "ఇన్‌స్టాల్" అనే మాటతో పని లేదు. ఆ మాట కనబడితే డబ్బా మూసేసి అమ్మని పిలవండి.

ఈ ఆదివారం ఇంకో పని చెయ్యండి. అమ్మ ఫోన్ అడిగి తీసుకుని, సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్లు, అందులో మైక్రోఫోన్ అని ఉంటుంది (ఫోన్‌ని బట్టి పేర్లు కొంచెం మారొచ్చు), తెరవండి. మైకు వాడుకోవడానికి అనుమతి ఉన్న యాప్‌ల పేర్లన్నీ వరసగా కనబడతాయి. ఫోన్ పక్కన పెట్టి, మన మాట వినాల్సిన అవసరం ఎవరెవరికి ఉందనుకుంటున్నారో మీ అంతట మీరు ఒక కాగితం మీద రాయండి. సహస్ర రాయాలి, విహాన్ చదవాలి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి, కలవని పేరు ఏదైనా ఉంటే అది ఎందుకు ఉందని నాన్నని అడగండి. ఆయన ఏం చెప్పాడో, మీకు నచ్చిందో లేదో నాకు రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య