మోటుపల్లి, చీరాల, వేటపాలెం: వాట్సాప్‌లో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

ఊళ్ళ చరిత్రలు పోగేసే పనిలో ఉన్నాను కాబట్టి నాకు రోజూ ఏదో ఒక ఫార్వర్డ్ వస్తుంది, "సార్ ఇది నిజమేనా" అని. అందులో సగానికి సగం మోటుపల్లి మీదే. బాపట్ల జిల్లా చినగంజాం మండలం, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు, చీరాల నుంచి బండి మీద పోయిరావచ్చు. చిన్న ఊరే గానీ ఒకప్పుడు కాకతీయుల రేవు, దానివల్ల దాని చుట్టూ కథలు కూడా బానే అల్లుకున్నాయి. ఒక్కొక్కటే రిప్లై ఇవ్వలేక అన్నీ ఇక్కడే రాసేస్తున్నా, పక్కనున్న చీరాల, వేటపాలెం, చినగంజాం, పెదగంజాం కూడా మధ్యమధ్యలో వస్తాయి, ఎందుకంటే వాటిని వదిలేసి ఈ ఊరి చరిత్ర చెప్పడం కుదరదు.

అపోహ: మోటుపల్లి మొత్తం సముద్రంలో మునిగిపోయింది, ఇప్పుడున్నది వేరే ఊరు.

ఇది అందరికీ ఇష్టమైన కథ. ద్వారక లాగా మనకీ ఒకటి ఉండాలి కదా మరి! కానీ ఊరు ఎక్కడికీ పోలేదు. వీరభద్రస్వామి గుడి ఉంది, ఆ గుడి మండపం స్తంభం మీద కాకతీయ రాజు గణపతిదేవుడు ఓడ వర్తకులకి భరోసా ఇస్తూ వేయించిన అభయ శాసనం ఉంది. "మరి హార్బర్ ఏది, రాతి గోడలేవి, ఓడలు కట్టేసే చోటేది" అని అడుగుతారు. అవి అసలు లేవండీ. మన తూర్పు తీరంలో పాతకాలపు రేవులు చాలావరకు అంతే, పెద్ద ఓడ లోపల లోతు ఉన్నచోట లంగరేసి ఆగిపోతుంది, అక్కడి నుంచి సరుకంతా చిన్న పడవల్లోకి దించి అలల మీదుగా ఒడ్డుకి తెస్తారు. ఈ పని చేసే పడవలకి మేకులు ఉండవు, పలకలకి బెజ్జాలేసి కొబ్బరి పీచు తాడుతో కుట్టేసేవాళ్ళు. మేకులతో బిగించిన పడవ ఇక్కడి అలలకి ఇసుక మీద ఎత్తేసి కొడితే పగిలిపోతుంది, కుట్టిన పడవ కొంచెం వంగి తట్టుకుంటుంది. మసూలా పడవలు అంటారు వీటిని. ఇలాంటి రేవు మూతపడితే ఏం మిగులుతుంది చెప్పండి, ఇసుక, పెంకులు, గుడి, శాసనం. తవ్వకాల్లో చైనా పింగాణీ ముక్కలు దొరికాయి, అదే రేవుకి సాక్ష్యం. దీనికోసం సముద్రం కింద గోడలు వెతకాల్సిన పని లేదు.

మరి రేవు ఎందుకు పోయింది అంటే ఒక్క కారణం చెప్పడం కష్టం. వరంగల్ పడిపోయింది, తర్వాత రెడ్డిరాజులు నడిపారు, అనవోతారెడ్డి 1358లో ఇక్కడే ఇంకో శాసనం వేయించి వర్తకులకి మళ్ళీ హామీ ఇచ్చాడు, అంటే అప్పటికి కూడా రేవు బతికే ఉంది కానీ వర్తకుల్ని పిలిచి మరీ రమ్మనాల్సిన పరిస్థితి వచ్చిందని నాకనిపిస్తుంది. ఆ తర్వాత గోల్కొండ వాళ్ళు మచిలీపట్నాన్ని పెద్దది చేశారు, సరుకు అటు పోయింది. 1611లో ఇంగ్లీషు వాళ్ళ గ్లోబ్ ఓడ ఈ తీరానికి వచ్చినప్పుడు నిజాంపట్నం, మచిలీపట్నంలో ఆగింది. నిజాంపట్నాన్ని వాళ్ళు పెట్టపోలి అని రాసుకున్నారు, అది చదివి మోటుపల్లే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రెండూ వేరు.

అపోహ: అభయ శాసనంతో గణపతిదేవుడు పన్నులన్నీ ఎత్తేశాడు.

ఎత్తెయ్యలేదు. శాసనం తేదీ శక సంవత్సరం 1166, అంటే 1244-45. హుల్ట్‌ష్ అనే జర్మన్ పండితుడు శాసనాలు అచ్చేసే ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో అచ్చేశాడు, కావాల్సినవాళ్ళు చదువుకోవచ్చు. అందులో ఉన్న విషయం నా మాటల్లో చెప్తా. ఇంతకుముందు రాజులు ఏం చేసేవాళ్ళంటే, ఓడ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ గాలివానకి దెబ్బతిని ఇటు కొట్టుకొస్తే అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం లాగేసుకునేవాళ్ళు. మేము మాత్రం, ప్రాణం కంటే డబ్బే గొప్పదనుకుని సముద్రం మీదికి బయల్దేరే వీళ్ళ మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, మామూలు సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నాం. ఇదీ సారాంశం. "ప్రాణం కంటే డబ్బే గొప్పదనుకునే" అన్న చోట నాకు ప్రతిసారీ నవ్వొస్తుంది, వర్తకుణ్ణి పొగుడుతున్నట్టూ ఉంటుంది, చురక వేసినట్టూ ఉంటుంది.

సుంకం ఎంతంటే ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి. లక్ష రూపాయల సరుకుకి 3,333 రూపాయలన్నమాట. ఆ తర్వాత సరుకుల వారీగా రేట్లు కూడా ఉన్నాయి, గంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, జవ్వాది, పట్టు, పగడాలు, మిరియాలు. ఈ లిస్టు చూస్తేనే తెలుస్తుంది ఇది ఏ రేంజ్ రేవో. దయ ఉందా అంటే ఉంది, కానీ దానితోపాటు వ్యాపారం తెలివి కూడా ఉంది, ఒకసారి దోచుకుంటే ఆ ఓడ మళ్ళీ రాదు, సుంకం తీసుకుంటే ప్రతి ఏడాదీ వస్తుంది. శాసనం చెక్కేనాటికి ఆయన రాజ్యానికి వచ్చి నలభై ఏళ్ళు దాటింది, తీరం చేతికొచ్చింది, దివిసీమ అయ్య వంశంతో పెళ్ళి సంబంధం కూడా కలుపుకున్నాడు, ఆ వంశం వాడైన జాయప సేనాని తోబుట్టువులు ఇద్దరూ ఆయన రాణులే. ఇవన్నీ కలిపి చూడాలి.

అపోహ: మార్కోపోలో మోటుపల్లిలో దిగి రుద్రమదేవిని కలిశాడు.

ఫ్లెక్సీల మీద కూడా ఇదే వేస్తున్నారు. మార్కోపోలో ముత్‌ఫిలి అని ఒక రాజ్యం గురించి చెప్పిన మాట నిజం, అది మోటుపల్లి పేరే అని పండితులు చాలాకాలంగా ఒప్పుకుంటున్నారు. కానీ ఆయన ఏం చెప్పాడో చదవండి. రాజు చనిపోయి నలభై ఏళ్ళయింది, అప్పటి నుంచి ఆయన భార్య పాలిస్తోంది, ఆయన మీద ప్రేమతో మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు అంటాడు. రుద్రమ గణపతిదేవుడి భార్య కాదు కదా, కూతురు. భర్త చాళుక్య వీరభద్రుడు, నిడదవోలు వాళ్ళు. పైగా పోలో చైనా వదిలింది 1292 ప్రాంతంలో, నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం 1289 నవంబరు నాటికే రుద్రమ చనిపోయింది. అంటే ఆయన ఈ తీరం దాటేసరికి ప్రతాపరుద్రుడు రాజు. కలవడం అన్న ప్రశ్నే లేదు, ఇక్కడ దిగాడన్న రుజువు కూడా లేదు, ఓడల్లోనో వేరే రేవుల్లోనో విన్నది చెప్పి ఉంటాడు. అయితే విన్నదాంట్లో సారం ఉంది, ఒక ఆడమనిషి న్యాయంగా బాగా పాలించిందన్న మాట అరబ్బు, చైనా ఓడల దాకా పాకింది కదా. నాకైతే ఆయన దిగి చూసి రాసినదానికంటే ఇదే గొప్ప సంగతి అనిపిస్తుంది.

ముత్‌ఫిలి గురించి పోలో చెప్పిన వజ్రాల కథ కూడా అంతే. లోయలో పాములు, మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా ఎత్తుకుపోవడం, ఇది పోలో కంటే ముందు నుంచే నావికులు చెప్పుకునే కథ. మోటుపల్లి ఇసుకలో వజ్రాలు దొరకవు, దయచేసి జల్లెడలు పట్టుకుని రావద్దు. వజ్రాలు కృష్ణా లోయవి, కొల్లూరు, పరిటాల వైపు. సాలెగూడు లాంటి సన్నటి బట్ట గురించి కూడా చెప్పాడు, రాజులూ రాణులూ కట్టుకోదగ్గది అని. "అది చీరాల బట్టే" అని మనవాళ్ళు వెంటనే కలిపేస్తారు. చీరాల నేత గొప్పదే, కానీ ఆ బట్ట ఏ ఊళ్ళో నేశారో ఆయన చెప్పలేదు, నేను ఎలా చెప్పను?

అపోహ: ఇక్కడి చరిత్ర కాకతీయులతోనే మొదలైంది.

మోటుపల్లి నుంచి అలా పక్కకి పోతే చినగంజాం. అక్కడ శాతవాహన రాజు గౌతమీపుత్ర యజ్ఞశ్రీ 27వ పాలనా సంవత్సరం శాసనం దొరికింది, అంటే కాకతీయుల కంటే వెయ్యేళ్ళ ముందు. పెదగంజాంలో బౌద్ధ దిబ్బలు ఉన్నాయి. మా ఊరి చరిత్ర మా ఊళ్ళోనే ఉంటుందనుకుని పక్క ఊరి పొలిమేర దాటకపోతే ఇలాంటివి తప్పిపోతాయి.

అపోహ: సముద్రం పక్కన ఉప్పునేల, తాగడానికి నీళ్ళుండవు, అందుకే పెద్ద ఊళ్ళు నిలవలేదు.

ఈ మాట అన్నవాళ్ళు దొరువు చూసుండరు. చీరాల, వేటపాలెం, బాపట్ల తీరం అంతా తీరానికి సమాంతరంగా ఇసుక దిబ్బలు వరసలు వరసలుగా ఉంటాయి, దిబ్బల మీద తాటిచెట్లు, జీడిమామిడి, సరుగుడు. వాన నీళ్ళు ఇసుకలో ఇంకి కింద ఉన్న ఉప్పునీటి పైన ఒక పొరలాగా తేలి నిలబడతాయి, ఎందుకంటే మంచినీళ్ళు తేలిక. కొన్ని అడుగులు తవ్వితే చాలు తియ్యటి నీళ్ళు ఊరతాయి, అదే దొరువు. రైతు ఒక గట్టు దిగి రెండు చేతులతో రెండు కుండలు ముంచుకుని పైకెక్కి మొక్కల మీద చిలకరించేవాడు. అలా తీసినంత కాలం బాగుంది. మోటారు పెట్టి లోతు నుంచి గట్టిగా లాగితే మాత్రం కింద నుంచి ఉప్పునీళ్ళు పొడుచుకొస్తాయి, ఆ బోరు ఇంక దండగ. బాపట్లలో వ్యవసాయ శాస్త్రవేత్తలు దొరువుకే పక్కలకి బెజ్జాల పైపులు పరిచి పైపొర నీళ్ళు మాత్రమే వచ్చేలా మెరుగు చేశారు. దిబ్బ ఉన్నచోట ఊరు, పల్లం ఉన్నచోట ఉప్పు మడులు, ఈ తీరం లెక్క అంతే. చినగంజాం ఉప్పు, వేటపాలెం జీడిపప్పు రెండూ ఈ లెక్కలోవే.

రేవు పోయినా ఊళ్ళ మధ్య రాకపోకలు పోలేదు, నీటిదారి మారిందంతే. కృష్ణ నుంచి వచ్చే కొమ్మమూరు కాలవ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలవలో కలుస్తుంది, అక్కడి నుంచి మద్రాసు దాకా పడవలు. తర్వాత 1899లో మద్రాసు - బెజవాడ రైలు వచ్చింది. రైలు స్టేషన్ చీరాలకి ఇచ్చినంత ఊపు కాలవ ఇవ్వలేదు, అది వేరే సంగతి.

అపోహ: చీరాల-పేరాల ఉద్యమం గెలిచి మున్సిపాలిటీ రద్దయింది.

పిల్లల ప్రాజెక్టుల్లో ఇలాగే రాస్తున్నారు. 1919లో చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ చేశారు, నాలుగు వేలుండే పన్ను నలభై వేలయింది, నేతపని చేసుకునేవాళ్ళ మీద అంత భారం! 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చారు, ఊరు వదిలి బయటికి పోతే మున్సిపాలిటీయే ఉండదు కదా అన్న దారి చూపారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో సుమారు 15 వేల జనాభాలో 13 వేల మంది దాకా ఇళ్ళు వదిలేసి ఊరి బయట రామ్‌నగర్ అని గుడిసెలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. ఎండ, వాన, చలి అన్నీ అక్కడే. దుగ్గిరాలని బరంపురంలో అరెస్టు చేసి జైల్లో పెట్టాక, డబ్బులు అయిపోయాక, 1922లో వెనక్కి వచ్చేశారు. మున్సిపాలిటీ మాత్రం అప్పుడు రద్దు కాలేదు. వీళ్ళు ఓడిపోయారని చెప్పడానికి మొహమాటపడి గెలుపు కథ రాయడం నాకు నచ్చదు. 11 నెలలు గుడిసెల్లో ఉన్నారన్న నిజం ముందు ఆ అబద్ధపు గెలుపు ఎందుకు?

అపోహ: పల్లెటూళ్ళకి రికార్డులు ఉండవు, పెద్దవాళ్ళు చెప్పిందే ఆధారం.

ఉంటాయి, మీరు వేరే జిల్లా పేరు కింద వెతకాలి, అంతే తేడా. మోటుపల్లినే తీసుకోండి. 1859 నుంచి 1904 దాకా కాగితాల్లో కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా, 1904 నుంచి గుంటూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా, 1972 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. మనిషి ఇంట్లోంచి కదలకుండానే ఐదు జిల్లాలు చూసేశాడు. ప్రకాశం అని వెతికితే హుల్ట్‌ష్ అచ్చేసిన శాసనం మీకు దొరకదు, ఆయన రాసింది గుంటూరు జిల్లా అని. పాత శాసనాల్లో అయితే దేశి ఉయ్యకొండపట్టణం అన్న పేరుతో కూడా ఉంటుంది, అది కూడా వేసి చూడండి. కంపెనీ కాలపు సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు లాంటి వాళ్ళు కరణాల దగ్గర రాయించుకున్న కైఫీయతులు, అంటే ఊరి వృత్తాంతాలు ఉన్నాయి, వాటిల్లో ఊరి పుట్టుక కథలు కొంచెం పెంచి చెప్పినవే గానీ చెరువులు, గుళ్ళు, మిరాశీల (వంశపారంపర్య హక్కుల) వివరాలకి బాగా పనికొస్తాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది, పాత పత్రికలు, పుస్తకాల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు, చీరాల వాళ్ళు ఎంతమంది వెళ్ళారో అడక్కండి.

ఇంకో చిన్నమాట, శాసనం చదవడానికి వెళ్ళేవాళ్ళు రాయి మీద సున్నం, పసుపు, చాక్‌పీస్ రుద్దకండి, అక్షరాలు అరిగిపోతాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే టైములో వెళ్ళండి, లేకపోతే ఫోన్ టార్చ్ పక్క నుంచి వేయండి, గీతలు వాటంతట అవే పైకి తేలతాయి. ఫోటోలు ఎదురుగా ఒకటి, ఎడమ వెలుగులో ఒకటి, కుడి వెలుగులో ఒకటి తీసి నాకు పంపితే చదవడానికి ప్రయత్నిస్తా, స్క్రీన్‌షాట్లు మాత్రం పంపొద్దు.