పెంకుటిల్లు మంచిదా, డాబా మంచిదా: నాకు తరచూ వినిపించే అపోహలు

ఇల్లు ప్లాను గీయించుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది ముందు ఫోన్ తీసి కోనసీమ మండువా లోగిలి ఫొటో చూపిస్తారు. మండువా అంటే ఇంటి మధ్యలో పైకప్పు లేకుండా వదిలిన చోటు. ఆ తర్వాత ఈ మాటలు మొదలవుతాయి.

అపోహ: ఆ సున్నం, మట్టి వల్లే పాతిళ్లు చల్లగా ఉంటాయి.

వాస్తవం: వాటి పాత్ర కొంతే. ఎండ గోడను తాకకుండా చుట్టూ వసారా ఉంటుంది. కప్పు ఎత్తు. వేడి గాలి మండువాలోంచి, పెంకుల సందుల్లోంచి పైకి పోతుంది. డాబా స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి మన మీద కక్కుతుంది. దానికీ నీడ ఇస్తే, కనీసం తెల్లటి కూల్ రూఫ్ పూత వేస్తే తేడా తెలుస్తుంది. ఒకాయన ముచ్చటపడి రెండొందల గజాల్లో మండువా పెట్టించుకున్నారు. వాన, కోతులు అంటూ ఏడాది తిరక్కుండానే దాని మీద ఫైబర్ షీటు బిగించారు. ఇప్పుడది ఇంటి మధ్యలో పొయ్యి!

అపోహ: పాత కట్టడాలే గట్టివి.

వాస్తవం: 1591 నాటి చార్మినార్ నిలిచింది కాబట్టి చూస్తున్నాం. కూలినవి ఎవరికి గుర్తు? ఆ చార్మినార్‌కూ 2019లో ఒక మినార్ నుంచి సున్నపు నగిషీ ముక్క ఊడిపడితే బాగుచేశారు. 1993 లాతూర్ భూకంపంలో వేలమంది చనిపోయింది ఎక్కువగా మట్టితో పేర్చిన లావుపాటి రాతిగోడలు మీద పడే. గోడ లావుంటే సరిపోదు, నాలుగు గోడల్నీ చుట్టూ కలిపి పట్టే కాంక్రీటు బెల్టు ఉండాలి. ఇక కాంక్రీటును తినేది లోపలి ఇనుముకు పట్టే తుప్పు. ఇనుము బయటికి తేలకుండా కింద పెట్టే కవర్ బ్లాకులు పెట్టకుండా, మూడో రోజుకే క్యూరింగ్ (నీళ్లు పట్టడం) ఆపేసి సిమెంటును తిడితే ఎలా?

అపోహ: మంగళూరు పెంకు తాతముత్తాతల సంప్రదాయం.

వాస్తవం: 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు మంగళూరులో పెట్టిన ఫ్యాక్టరీ సరుకది. మన ఊళ్ల కుమ్మరులు చేసింది వంపు తిరిగిన గూన పెంకు.

అపోహ: పాత సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే ఆయుష్షు పెరుగుతుంది.

వాస్తవం: నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. కొన్నేళ్లకు పెచ్చులూడేటప్పుడు ఇటుక ముఖం కూడా దాంతోపాటు వచ్చేస్తుంది. అలాంటి ఇల్లు నా దగ్గరికొస్తే ముందు సిమెంటంతా గీకించేస్తాను. గోడ ఒక వేసవంతా ఆరాకే సున్నం పని.