నిద్ర సుఖమెరగదా?

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అన్న సామెత చెప్పినాయన బహుశా కంటినిండా నిద్రపోయే అదృష్టవంతుడే అయ్యుంటాడు. చెన్నైలో కొందరు ఆర్థికశాస్త్రవేత్తలు చేసి, 2021లో ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చదివాక నాకు ఆ అనుమానం గట్టిపడింది.

తక్కువ ఆదాయమున్న 452 మందికి వాళ్లు డేటా ఎంట్రీ పని ఇచ్చారు. చేతికి వాచీలాంటి పరికరం కట్టి, రాత్రి ఎంతసేపు నిద్రపోతున్నారో కొలిచారు. పక్కమీద ఉన్నది సుమారు ఎనిమిది గంటలు. కన్నంటుకున్నది అయిదున్నర గంటలే. దోమలు, ఉక్కపోత, వీధి లైటు, చప్పుళ్లు. నిద్రకు సుఖం తెలుసు, అది దొరకక మాటిమాటికీ తెగిపోతోంది.

వాళ్లలో కొందరికి ఫ్యాను, దిండు, కళ్లకు పట్టీ, చెవుల్లో పెట్టుకునే బిరడాల వంటివి ఇచ్చారు. రాత్రి నిద్ర సగటున 27 నిమిషాలు పెరిగింది. కానీ పనిలో గానీ, మనసు స్థితిలో గానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు! నిపుణులు ఊహించింది ఇది కాదు. ఇంకొందరికి మధ్యాహ్నం పనిచేసే చోటే, ప్రశాంతంగా అరగంట నడుం వాల్చే వీలిచ్చారు. వీళ్ల పని వేగం పెరిగింది, బుర్ర చురుగ్గా కదిలింది, మనసు తేలికపడింది. ముక్కలైన రాత్రికి ఇంకో ముక్క అతికించడం కన్నా, ఎవరూ కదపని చిన్న కునుకే మేలు చేసిందని నాకు అనిపిస్తుంది.

అసలు ఆ మధ్యాహ్నం మత్తు ఎందుకొస్తుంది? పప్పన్నంలో నెయ్యి ఎక్కువైందని మనం తిండిమీదికి నెట్టేస్తాం. కడుపునిండా తింటే మత్తు పెరిగే మాట నిజమే, కానీ భోజనం మానేసినా అది వస్తుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ, నిద్రకోసం ఒత్తిడి పెంచుతుంది. దానికి ఎదురు నిలిచి మనల్ని లేపి ఉంచేది మెదడులోని జీవగడియారం. మధ్యాహ్నం రెండు, మూడింటికి ఒత్తిడి అప్పటికే పెరిగి ఉంటుంది, గడియారం మాత్రం ఇంకా పూర్తి ఊపు అందుకోదు. ఆ సందులోనే కునికిపాట్లు. కాఫీ అడినోసిన్‌ను తీసేయదు. అది కూర్చోవలసిన కుర్చీల్లో తాను కూర్చుంటుంది, అంతే. కాఫీ లేచి వెళ్లగానే పాత బాకీ మళ్లీ గుమ్మంలో నిలబడుతుంది.

కునుకు అరగంట దాటితే గాఢనిద్రలోకి జారిపోవచ్చు. అప్పుడు లేపితే కాసేపు తల దిమ్ముగా ఉంటుంది. మన కోడికునుకే నయం.

పైలట్ల విషయంలో ఇదంతా ఎప్పుడో ఒప్పుకున్నారు. పసిఫిక్ దాటే సుదూర విమానాల్లో కొందరు పైలట్లకు నాసా వంతులవారీగా 40 నిమిషాల విశ్రాంతి ఇచ్చి చూసింది. సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. ఆ వీలు లేనివాళ్లలో, విమానం దిగబోయే దశలో కూడా, క్షణకాలపు తూగులు చాలా ఎక్కువగా కనిపించాయి. పైలట్ కునుకు తీస్తే భద్రత, వాచ్‌మన్ కునుకు తీస్తే బద్ధకం. శరీరం ఒకటే, జీతాలే వేరు.

ఈ తేడాను సూటిగా పట్టుకున్నది అమెరికాలోని నల్లజాతి కళాకారిణి ట్రిషా హెర్సీ. 2016లో ఆమె అట్లాంటాలో 'న్యాప్ మినిస్ట్రీ' (న్యాప్ అంటే కునుకు) అనే సంస్థ మొదలుపెట్టి, నలుగురినీ ఒకచోట చేర్చి పడుకోబెట్టింది. బానిసలుగా వెట్టిచాకిరీ చేసిన తన పూర్వీకులకు దక్కని విశ్రాంతి అది. అందుకే ఆమె దృష్టిలో పడుకోవడం కూడా ప్రతిఘటనే.

అయితే చెన్నై లెక్కల్లో ఇంకో మాట ఉంది. కునుకు తీసినవాళ్ల పని సమయం తగ్గింది. చేసిన పనిని బట్టి కూలి వచ్చేచోట, వేగం పెరిగినా ఆ అరగంట ఖర్చు పడుకున్నవాడిదే. మా వీధి చివర మేడ కడుతున్నారు. రెండింటికి ఇసుక కుప్ప పక్కన, తువ్వాలు మొహంమీద కప్పుకుని నలుగురు కూలీలు పడుకుని ఉంటారు. మేస్త్రీ బండి చప్పుడు వినిపిస్తే నలుగురూ ఒకేసారి లేచి కూర్చుంటారు. వాళ్లలో నిజంగా నిద్రపోయింది ఎవరో నాకు ఇంతవరకూ తెలియలేదు.