కలెక్షన్ లెక్కలో కనబడని పిల్లలు: పాలమూరు, నల్లగొండ పల్లె బస్సుల వెనుక కథ

పల్లె బస్సుల గొడవ మళ్లీ రాజుకుంది. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో బడులు తెరిచాక ఏటా ఇది ఉండేదే. పిల్లలు బస్సుకు అడ్డంగా కూర్చుంటారు, ఊరి పెద్దలు డిపో మేనేజర్‌కు వినతిపత్రం ఇస్తారు. ‘ఓఆర్ (వందకు ఎన్ని సీట్లు నిండాయన్న లెక్క) బాగుంది, బస్సులు నిండుగా తిరుగుతున్నాయి, ఇంకో ట్రిప్పు వేయడానికి బస్సు లేదు’ అంటారు డిపోలో. నిండుగా ఉంది కాబట్టే మా స్టేజీ దగ్గర ఆపడం లేదంటారు ఊళ్లో. రెండు మాటలూ నిజమే. మరి ఒకరికి బాగున్న లెక్క ఇంకొకరికి ఎందుకు బాగాలేదన్నదే ప్రశ్న.

ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 2019 చలికాలానికి వెళ్తే చాలు.

ఆ ఏడాది అక్టోబర్ 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ కార్మికుల సమ్మె నవంబర్ 25 దాకా, 52 రోజులు సాగింది. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్నది కార్మికుల ప్రధాన డిమాండ్. సంస్థ 5 వేల కోట్ల అప్పుల్లో ఉందని, ఇలాగైతే నడపలేమని ప్రభుత్వం అంది. నవంబర్ 2న కేబినెట్ 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వాలని తీర్మానించింది, హైకోర్టు దాన్ని తప్పుపట్టలేదు. చివరికి ఆ రూట్లు ప్రైవేటుకు పోలేదు. కార్మికులను బేషరతుగా డ్యూటీలోకి తీసుకున్నారు. డిసెంబర్ 3 నుంచి కిలోమీటరుకు 20 పైసలు చార్జీ పెరిగింది. జనానికి గుర్తున్నది ఇక్కడి వరకే.

ఆ తర్వాత డిపోల్లో జరిగిందే అసలు మలుపు అని నా నమ్మకం. ప్రతి సర్వీసునూ ఈపీకేతో, అంటే కిలోమీటరుకు ఎంత ఆదాయం తెస్తోందన్న లెక్కతో తూచడం గట్టిగా మొదలైంది. ఈ లెక్క అంతకుముందూ ఉంది. కానీ అప్పటివరకు తక్కువ ఈపీకే అంటే కండక్టర్‌కు చీవాట్లు పడేవి. సమ్మె తర్వాత అది ట్రిప్పు ఎత్తేయడానికి కారణమైంది. నష్టాల సర్వీసులు తగ్గాయి. కొన్ని పాత బస్సుల సీట్లు పీకి కార్గో బండ్లుగా మార్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు అన్నీ ఆగాయి. మే 19న జిల్లాల్లో బస్సులు మళ్లీ రోడ్డెక్కినప్పుడు చాలా పల్లెల ట్రిప్పులు తిరిగి రాలేదు. ముఖ్యంగా నైట్ హాల్ట్‌లు. రాత్రి ఊళ్లోనే పడుకుని తెల్లవారగానే బయలుదేరే ఆ బస్సును నమ్ముకునే పాలు, కూరగాయలు, కాలేజీ పిల్లలు పట్నానికి చేరేవాళ్లు.

ఈపీకే పల్లె బస్సుకు ఎలా అన్యాయం చేస్తుందో చూడాలంటే దేవరకొండ వైపు 2019 నాటి ఒక తండా బస్సును ఊహించుకోండి. అంకెలు లెక్క కోసం వేసినవే. తండా నుంచి దేవరకొండకు 25 కిలోమీటర్లు. పొద్దున 60 మంది ఎక్కారు. అందులో 40 మంది పాసులున్న పిల్లలు. పదో తరగతి దాకా ఆడపిల్లలకు పాసు ఉచితమే. మిగిలిన 20 మంది తలా 25 రూపాయల టికెట్ కొంటే 500. తిరుగు ట్రిప్పులో ఐదుగురే ఉంటారు, 125. రానుపోను 50 కిలోమీటర్లకు 625 రూపాయలు, కిలోమీటరుకు పన్నెండున్నర. డీజిల్‌కు, జీతాలకు అది ఏ మూలకూ రాదు. కాలు పెట్టడానికి చోటు లేని బస్సు కాగితం మీద ఖాళీ బస్సుతో సమానమైపోయింది. పాసు పిల్లల బరువును టైర్లు మోశాయి గానీ ఆ ట్రిప్పు కలెక్షన్‌లో వాళ్లు లేరు.

ఇలాంటి ట్రిప్పు ఒకటి పోతే దాని పక్క ట్రిప్పు కూడా దెబ్బతింటుంది. పొద్దున బస్సు లేకపోతే మనిషి సాయంత్రం బస్సు కోసం ఎదురుచూడడు, సెవెన్ సీటర్ ఆటో పట్టుకుంటాడు. దాంతో సాయంత్రం ట్రిప్పు ఈపీకే పడిపోతుంది, దాన్నీ ఎత్తేస్తారు. ‘జనం లేరు కాబట్టి తీసేశాం’ అని యాజమాన్యం చెబుతుంది. చాలా ఊళ్లలో జరిగింది తలకిందులు: బస్సు నమ్మకం పోయాకే జనం పోయారు.

చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో 22వ సెక్షన్ సంస్థ వ్యాపార సూత్రాలతో నడవాలంటుంది. యాజమాన్యం ఎప్పుడూ చూపించేది దీన్నే. దానికంటే ముందున్న 18వ సెక్షన్ రాష్ట్రంలో సమర్థమైన, చాలినంత, పొదుపైన, సమన్వయంతో కూడిన రవాణాను అందించడం సంస్థ సాధారణ బాధ్యత అంటుంది. ఇందులో ‘చాలినంత’ అన్న మాటను ఏ డిపోలోనూ కొలవడం లేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ వేసే పనితీరు నివేదికలోనూ ఎన్ని బస్సులు రోడ్డెక్కాయి, రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరిగాయి, లీటరుకు ఎంత మైలేజీ, సీట్లు ఎంత నిండాయి అనే ఉంటాయి. అన్నీ బస్సు లోపలి నుంచి చూసినవే. స్టేజీ దగ్గర నిలబడ్డ మనిషి వైపు నుంచి చూసే కొలత లేదు.

2023 డిసెంబర్ 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలై ఈ తూకాన్ని మార్చింది. 2019లో పాసు చూపించి కలెక్షన్‌కు పైసా కలపని అమ్మాయే ఇప్పుడు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటోంది. ఆ టికెట్‌కు విలువ ఉంది, దాన్ని ప్రభుత్వం భరించాలి. 2025 జూలై నాటికి 200 కోట్ల జీరో టికెట్లు కొట్టారు. వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని ప్రభుత్వం చెప్పింది. ఆ సొమ్ము ఎప్పటికప్పుడు పూర్తిగా అందడం లేదని యూనియన్లు అంటున్నాయి, అది వేరే పంచాయితీ. మన తండా బస్సుకు మాత్రం పాత లెక్కే కొత్తగా వేస్తే ఈపీకే ఎగబాకుతుంది. ఏ కారణంతో ఆ ట్రిప్పు తీశారో ఆ కారణం ఇక లేదు.

అయినా అలాంటి ట్రిప్పులు చాలా వరకు తిరిగి రాలేదు. సమ్మె నాడు దాదాపు 50 వేల మంది ఉద్యోగులుండేవారు. 2023 ఆగస్టు 6న ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపే బిల్లును అసెంబ్లీ ఆమోదించే నాటికి 43,373 మందే మిగిలారు. బస్సుల కొరత, సిబ్బంది కొరత ఉందని యాజమాన్యం చెప్పేది నిజమే, దాన్ని నేను కాదనను. కానీ ఉన్న బస్సుల్లో ఏది ఎటు వెళ్లాలో నిర్ణయించేది ఇప్పటికీ ఓఆర్, ఈపీకేలే. జాతీయ రహదారుల మీద జడ్చర్ల లేదా సూర్యాపేట మీదుగా పరుగెత్తే బస్సు ఆ రెండింట్లోనూ సులువుగా గెలుస్తుంది. అమ్రాబాద్ గుట్టలెక్కే బస్సు, కొల్లాపూర్ నుంచి కృష్ణ ఒడ్డుకు పోయే బస్సు గెలవడం కష్టం. ఓఆర్ 100 దాటితే దాన్ని ఘనతగా చెబుతున్నారు. 100 దాటడమంటే సీట్లన్నీ నిండి ఇంకా మనుషులు నిలబడి ఉన్నారని అర్థం. ఎక్కలేక స్టేజీలోనే ఉండిపోయినవాళ్లు అందులో లేరు.

వాళ్లను లెక్కించడం పెద్ద పనేమీ కాదు. ఏ స్టేజీ దగ్గర బస్సు ఆపలేదో, అక్కడ సుమారు ఎంతమంది ఉన్నారో కండక్టర్‌కు తెలుసు. టికెట్ మిషన్‌లో స్టేజీల జాబితా ఎలాగూ ఉంది. ఆపకుండా వచ్చిన స్టేజీ పక్కన ఒక అంకె కొట్టే ఏర్పాటు ఉంటే, నెల తిరిగేసరికి ఏ రూట్లో ఎంతమంది మిగిలిపోతున్నారో డిపోకు తెలిసిపోతుంది. ఇప్పుడు అలాంటి అంకె కొడితే ‘ఎందుకు ఆపలేదు’ అని మెమో వస్తుందని కండక్టర్‌కు భయం. ముందు ఆ భయం పోవాలి. అప్పటిదాకా ఆ లెక్క డిపోకు చేరే దారి, పిల్లలు రోడ్డు మీద కూర్చోవడం ఒక్కటే.