తంతి ఆగిన చోట గుర్రం

1866 డిసెంబరు 21. ఇప్పటి వ్యోమింగ్ రాష్ట్రంలో, మంచు మధ్య ఫిల్ కియర్నీ అనే సైనిక కోట. ఆ రోజు బయటికెళ్లిన 81 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. తమ వేట భూముల మీదుగా బాట వేసి కోటలు కట్టిన సైన్యాన్ని లకోటా, షయెన్, అరాపహో అనే స్థానిక తెగల యోధులు మాటు వేసి మట్టుబెట్టారు. మిగిలినవాళ్లు సాయం కోసం కబురంపాలి. కానీ కోటకు తంతి లేదు. టెలిగ్రాఫ్ ఉన్న హార్స్‌షూ స్టేషన్ సుమారు 300 కిలోమీటర్ల అవతల ఉంది. జాన్ ఫిలిప్స్ అనే ఆయన ఆ రాత్రే గుర్రమెక్కాడు. క్రిస్మస్ పొద్దున కబురు తంతికెక్కింది. ఆయన అక్కడితో ఆగక, ఉత్తరం పట్టుకుని లారమీ కోట దాకా పోయి ఆ రాత్రే అందజేశాడు.

అప్పటికి ఐదేళ్ల కిందటే, 1861 అక్టోబరు 24న, అమెరికా ఖండం ఈ చివర నుంచి ఆ చివరకు తీగ కలిసింది. దాంతో, సుమారు పది రోజుల్లో ఉత్తరాలు చేరవేసే పోనీ ఎక్స్‌ప్రెస్ గుర్రాల టపా మూతపడింది. అంత దూరం నిమిషాల్లో దాటే కబురుకు ఒక్క కోటలోంచి బయటపడడానికి నాలుగు రోజులు పట్టిందన్నమాట.

ఆ తీగ చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. గుంజల మీద ఒకే ఒక్క ఇనుప తీగ. కరెంటు వెనక్కి రావడానికి రెండో తీగ అక్కర్లేదు, ఆ పని నేల చేస్తుంది. లోహపు పలకను తడి తగిలేంత లోతున పాతితే చాలు. అయితే ఎడారిలో ఆ తడి దొరకడమే కష్టం. 1870ల స్టేషన్లలో బ్యాటరీ అంటే గాజు జాడీలు: అడుగున రాగి, దాని చుట్టూ నీలంగా మైలుతుత్తం ద్రావణం, పైన వేలాడే జింకు. మైళ్ల కొద్దీ నడిచి నీరసపడిన కరెంటు గట్టిగా టక్కుమనిపించలేదు. అందుకే రిలే పెట్టారు. బలహీనమైన కరెంటు ఒక చిన్న మీటను కదిపితే చాలు, అక్కడున్న మరో బ్యాటరీ మిగతా పని చూసుకుంటుంది. ఆపరేటరు చెవితోనే అక్షరాలు పట్టేస్తాడు.

ఈ తీగ విలువ దాని శత్రువులకూ బాగా తెలుసు. 1864 నవంబరులో శాండ్ క్రీక్ దగ్గర షయెన్, అరాపహో కుటుంబాలను సైన్యం ఊచకోత కోసింది. దానికి బదులుగా ఆ శీతకాలంలోనే జరిగిన దాడుల్లో గుంజలు కూలాయి, తీగలు తెగాయి. 1865 ఫిబ్రవరిలో మడ్ స్ప్రింగ్స్ స్టేషన్‌ను చుట్టుముట్టినప్పుడు, లోపలున్న కొద్దిమంది తంతి ద్వారానే కేకేసి బతికిపోయారు. తీగ ముందే తెగి ఉంటే వాళ్ల కథ వేరేగా ఉండేది.

నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచేది అపాచీ అనే మరో స్థానిక తెగవాళ్ల పని. తీగను కోసి, కోసిన చోట తోలు పట్టీతో బిగించి కట్టేవారు. కింద నుంచి చూస్తే తీగ చెక్కుచెదరకుండా ఉంటుంది, తోలులోంచి కరెంటు మాత్రం పోదు. లైన్‌మన్ గుర్రం మీద ఎంత దూరం పోయినా తెగిన చోటు కంటికి ఆనదు. గుంజ ఎక్కి, వెంట తెచ్చుకున్న పరికరాన్ని తగిలించి అటూ ఇటూ పిలవాలి. ఏ వైపు పలకకపోతే లోపం ఆ వైపున. అలా గుంజ తర్వాత గుంజ.

మన ఇళ్లలో టెలిగ్రాం అంటే విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. 1876లో అమెరికాకు వచ్చిన తంతి కూడా అలాంటిదే. జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం తుడిచిపెట్టుకుపోయింది. జులై 4న దేశం నూరేళ్ల పండగ చేసుకుంది. గాయపడినవాళ్లతో ‘ఫార్ వెస్ట్’ అనే స్టీమరు బిస్మార్క్ రేవుకు చేరింది 5వ తేదీ రాత్రి. అక్కడ కార్నహాన్ అనే ఆపరేటరు మీట ముందు కూర్చుని, గంటల తరబడి ఆ కబురును తూర్పుకు కొడుతూనే ఉన్నాడు.

తీగే లేకపోతే కోసేదేముంది? ఆ ఆలోచనకు జవాబు మన ఉపఖండం నుంచే వెళ్లింది. కరాచీలో పర్షియన్ గల్ఫ్ టెలిగ్రాఫ్‌లో పనిచేసిన హెన్రీ మాన్స్ 1869లో హీలియోగ్రాఫ్ తయారుచేశాడు. మూడు కాళ్ల పీట మీద అద్దం, మోర్స్ అనే తంతి లిపిలోని చుక్కలూ గీతలూ ఎండ తళుకులతో. 1886లో అపాచీ నాయకుడు జెరోనిమోను పట్టడానికి అమెరికా సైన్యపు జనరల్ మైల్స్ అరిజోనా, న్యూ మెక్సికో కొండల మీద ఇలాంటి 27 స్టేషన్లు పెట్టించాడు. మబ్బు పట్టిన రోజు మాత్రం మళ్లీ గుర్రమే.