పదిమంది కుట్టిన బొంత: కొన్ని అపోహలు, వాస్తవాలు

తలా ఒక బ్లాకు (గుడ్డ ముక్కలు అతికి కుట్టిన చదరం) కుట్టి పంపితే, అవన్నీ కలిపి ఒక క్విల్ట్, అంటే బొంత, చేయడం నాకు చాలా ఇష్టమైన పని. కలిపి కుట్టే వంతు ఎక్కువగా నాకే వస్తుంది. కొత్తవాళ్లు కొన్ని అపోహలతో వెనకాడుతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: కొలత ముందే చెబితే బ్లాకులన్నీ ఒకే సైజులో వస్తాయి. రాలేదంటే ఎవరో అశ్రద్ధ చేసినట్టే.

వాస్తవం: ఎంత శ్రద్ధగా కుట్టినా తేడా వస్తుంది. 12½ అంగుళాలని చెప్తాం, ఒకటి 12¼, ఇంకొకటి 12¾ వస్తుంది. చాలావరకు కారణం కుట్టు మార్జిన్, అంటే కుట్టుకీ గుడ్డ అంచుకీ మధ్య వదిలే జాగా. పావు అంగుళం వదలాల్సిన చోట అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వదిలారనుకోండి. అది రెండు ముక్కల్లోనూ పోతుంది, అంటే అతుక్కి ఎనిమిదో వంతు. వరసలో నాలుగు అతుకులుంటే అర అంగుళం పోయినట్టే! అందుకే మొదలుపెట్టే ముందు అందరినీ ఒక చిన్న పరీక్ష చేయమంటాను. 1½ అంగుళాల వెడల్పున్న మూడు పట్టీలు పక్కపక్కన కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి కొలవాలి. మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం ఉంటే మార్జిన్ కుదిరినట్టు.

అపోహ: పెద్దగా వచ్చినవాటిని చిన్నదాని సైజుకు కత్తిరిస్తే సరి.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. బ్లాకులో నక్షత్రం డిజైను ఉంటే, దాని కొనలు అంచుకు పావు అంగుళం లోపల ఆగుతాయి. అంచు కత్తిరిస్తే ఆ కొనలు అతుకులోకి వెళ్లిపోతాయి. ఒకసారి నాకొక బ్లాకు 11¾ అంగుళాలే వచ్చింది. "వేళ్ల నొప్పులమ్మా, బాగా లేకపోతే పక్కన పెట్టేయండి" అని చీటీ పెట్టారు ఒక పెద్దావిడ. పక్కన పెట్టడానికి మనసొప్పలేదు. అన్ని బ్లాకులకూ చుట్టూ 1½ అంగుళాల పట్టీ వేసి, ఆ పట్టీలోనే కత్తిరించి 13½కి తెచ్చాను. ఆవిడ నక్షత్రం ఒక్క కొన కూడా పోలేదు.

అపోహ: రంగులు ఎవరిష్టానికి వాళ్లకి వదిలేస్తే గందరగోళమవుతుంది.

వాస్తవం: నేపథ్యానికి ఒకే గుడ్డ అందరికీ పంచండి, చాలు. ఎరుపు, ముదురు నీలం గుడ్డల మీద మాత్రం తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడమనండి. ఒక్క ముక్క రంగు దిగినా పక్కవాళ్ల కష్టం పాడవుతుంది.

అపోహ: పేర్లు బ్లాకు వెనక రాస్తే సరిపోతుంది.

వాస్తవం: దూది పొర, అడుగు గుడ్డ వేశాక బ్లాకు వెనక వైపు ఎవరికీ కనిపించదు. 1840ల్లో అమెరికాలో స్నేహితులు కలిసి కుట్టుకున్న క్విల్టుల మీద పేర్లు ముందు వైపే, సిరాతో రాసేవారు. నేనూ అంతే. చెరగని సిరా పెన్నుతో రాసి, పైన ఇస్త్రీ పెడతాను. ఆ పెద్దావిడ పేరు నక్షత్రం కిందే ఉంది.