రేసు కారులో ఆయిల్ వేడి: కారణాన్ని పట్టుకునే పద్ధతి

అమెరికాలో వారాంతాల్లో సొంత ఖర్చుతో రేసుల్లో పాల్గొనే ఔత్సాహికులకు, 1989లో మాజ్డా సంస్థ తెచ్చిన మియాటా అనే రెండు సీట్ల చిన్న కారంటే ఎంతో మక్కువ. అది తేలికగా ఉంటుంది, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, ఇంటి గ్యారేజీలోనే మరమ్మతు చేసుకోవచ్చు. అయితే రోడ్డు మీద ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టని ఇంజన్ కూడా ట్రాక్ మీద అరగంట సేపు పూర్తి వేగంతో తిరిగితే ఆయిల్ ఉష్ణోగ్రత 130 డిగ్రీల సెల్సియస్ దాటిపోవచ్చు. అప్పుడు చాలామంది ముందుగా ఇంకా పెద్ద ఆయిల్ కూలర్ (ఆయిల్‌ను గాలితో చల్లబరిచే, రేడియేటర్ లాంటి భాగం) కొంటారు. కారణం తెలియకుండా కొన్న కూలర్ చాలాసార్లు సమస్యను తీర్చదు, కొన్నిసార్లు కప్పిపుచ్చుతుంది. ఆయిల్ ఎంత వేడిగా ఉందో ఒక్క సంఖ్య చెబుతుంది. ఎందుకు వేడెక్కిందో తెలియాలంటే మాత్రం రెండు చోట్ల కొలిచి తేడా చూడాలి.

ఇంజన్‌లో ఆయిల్ చేసేది కందెన పని ఒక్కటే కాదు. క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) బేరింగుల్లో పుట్టే వేడినీ, పిస్టన్ల అడుగుభాగం నుంచి దిగే వేడినీ అదే మోసుకొస్తుంది. బేరింగులోని పలుచని ఆయిల్ పొర కోతకు గురై (అంటే లోపలి పొరలు ఒకదానిపై ఒకటి జారి రాసుకుని) పుట్టే వేడి, స్నిగ్ధత (చిక్కదనం) మారకుండా ఉంటే, భ్రమణ వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. కాబట్టి నిమిషానికి 3,000 చుట్ల దగ్గర నడిచే ఇంజన్‌ను 6,000 దగ్గర నిలిపితే అక్కడ పుట్టే వేడి సుమారు నాలుగింతలవుతుంది. మియాటా సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఉండే సుమారు 4 లీటర్ల ఆయిల్‌ను ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 7 కిలోజౌళ్లు చాలు. పుట్టే వేడికీ బయటికి పోయే వేడికీ మధ్య ఒక్క కిలోవాట్ తేడా ఉన్నా, ఉష్ణోగ్రత నిమిషానికి 8 డిగ్రీలకు పైగా పెరుగుతూ పోతుంది.

అలా పెరిగితే నష్టం బేరింగులకే. 100 డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోక్స్ (స్నిగ్ధతను కొలిచే ప్రమాణం) స్నిగ్ధత ఉన్న 40 గ్రేడు ఆయిల్, 130 దగ్గర 8 కంటే దిగువకు పడిపోతుంది. సంప్‌లో 130 ఉన్నప్పుడు బేరింగు లోపలి పొర అంతకంటే వేడిగా ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. ప్రతి 10 డిగ్రీలకూ ఆయిల్ ఆక్సీకరణ వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో వాడుకలో ఉన్న అంచనా. అలాగని ఆయిల్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని కాదు. 100 డిగ్రీలకు చేరకపోతే అందులో కలిసిన నీటి తేమ, పెట్రోలు సరిగా ఆవిరై పోవు. 100 నుంచి 120 వరకు రేసు ఇంజన్‌కు ఆరోగ్యకరమైన పరిధి అనుకోవచ్చు.

కాబట్టి మొదట నిర్ధారించుకోవలసింది, గేజ్ చూపే సంఖ్య నిజమా కాదా అన్నది. సెన్సార్‌ను ఊడదీసి, గేజ్‌కు కలిపి ఉంచే, మరిగే నీటిలో ముంచితే సముద్రతీరంలో 100 చూపాలి. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గనుక అక్కడ 98 చూపితేనే సరైనది. ఒకే తీగ ఉన్న సెన్సార్ తన స్క్రూ మరల ద్వారానే ఇంజన్ లోహంతో ఎర్త్ అవుతుంది. కారకుండా చుట్టిన టెఫ్లాన్ టేపు ఆ దారిలో నిరోధాన్ని పెంచుతుంది. వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే రకం సెన్సార్‌లో ఈ అదనపు నిరోధం వల్ల గేజ్ అసలు కంటే తక్కువ చూపుతుంది. అది ఎక్కువ చూపడం కంటే ప్రమాదకరం. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు పది డిగ్రీలు ఎగిరితే తప్పు వైరింగులోనే ఉంది, ఎందుకంటే నాలుగు లీటర్ల ద్రవం ఒక్క క్షణంలో అంత వేడెక్కలేదు. ఆయిల్ పీడనం విషయంలోనూ జాగ్రత్త కావాలి: 1995 నుంచి వచ్చిన మియాటాల్లో ఫ్యాక్టరీ పీడనపు గేజ్ వెనుక ఉన్నది కేవలం ఒక స్విచ్, కాబట్టి రేసుకు నిజమైన పీడనాన్ని కొలిచే గేజ్ అమర్చుకోక తప్పదు.

సంఖ్య నిజమని తేలితే, అది పెరిగే తీరును చూడాలి. కొన్ని ల్యాపుల తర్వాత ఒకచోట నిలకడగా ఆగితే వ్యవస్థ సమతుల్యానికి చేరింది, కాకపోతే ఆ సమతుల్యం ఎక్కువ వేడి దగ్గర ఉంది. ఆగకుండా పాకుతూ పోతే కూలర్ దాదాపు పని చేయడం లేదనే అనుమానించాలి. ఆయిల్ కంటే ముందుగా నీటి ఉష్ణోగ్రత పెరుగుతుంటే రోగం రేడియేటర్ వైపు ఉంది. మియాటాలో దీనికి ఒక ప్రత్యేక కారణమూ ఉంది. కారులో అడ్డంగా అమర్చడానికి రూపొందిన ఇంజన్‌ను కారు పొడవు దిశలోకి తిప్పి అమర్చినప్పుడు నీరు బయటికి వచ్చే దారిని కూడా ముందు వైపుకే మార్చారు, దానితో వెనుక సిలిండర్లకు చల్లని నీటి ప్రవాహం తగ్గింది.

ఇక అసలు పరీక్ష. కూలర్‌కు వెళ్లే గొట్టం దగ్గర ఒక సెన్సార్, తిరిగి వచ్చే గొట్టం దగ్గర మరొకటి పెట్టి, ట్రాక్ మీద తిరుగుతుండగా రెండింటినీ నమోదు చేయాలి. వెళ్లే గొట్టమే సంప్ కంటే బాగా చల్లగా ఉంటే ఆయిల్ అసలు అటు వెళ్లడం లేదు, అంటే ఫిల్టర్ దగ్గరి థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కాక కూలర్‌కు దారి తెరిచే కవాటం) తెరుచుకోవడం లేదు. వెళ్లేది వేడిగా ఉండి తిరిగి వచ్చేది చాలా చల్లగా ఉంటే కూలర్‌కు గాలి బాగానే అందుతోంది, కానీ ఆయిల్ ప్రవాహం సన్నగా ఉంది: గొట్టం మడత పడి ఉండవచ్చు, లోపల చెత్త అడ్డుపడి ఉండవచ్చు. రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే ఆయిల్ వెళ్తోంది, గాలి అందడం లేదు. నిమిషానికి 30 లీటర్ల ప్రవాహంలో 10 డిగ్రీల తగ్గుదల కనిపిస్తే కూలర్ సుమారు 9 కిలోవాట్ల వేడిని బయటికి పంపుతున్నట్టే. ఇంతగా పనిచేస్తున్న కూలర్ ఉన్నా ఆయిల్ మితిమీరి వేడెక్కుతుంటే, తప్పు వేడిని పుట్టిస్తున్న ఇంజన్‌లో ఉంది. ఒక పూట కొలతతో ఇంత స్పష్టమైన సమాధానం ఇచ్చే పరీక్ష మరొకటి లేదని నా నమ్మకం.

గాలి అందకపోవడమే ఎక్కువగా కనిపించే కారణం. గాలి ఎప్పుడూ సులువైన దారినే పోతుంది, కాబట్టి కూలర్ చుట్టూ ఖాళీలుంటే రెక్కల మధ్య నుంచి వెళ్లే బదులు పక్క నుంచి జారుకుంటుంది. రేకుతోనో ఫోమ్‌తోనో ఆ ఖాళీలను మూస్తే, కొత్త కూలర్ కొనకుండానే చాలా కార్లు బాగుపడతాయి. లోపలికి వచ్చిన గాలి బయటికి పోయే దారి కూడా అంతే ముఖ్యం. బానెట్‌కు రంధ్రాలు పెట్టేవారు కారు ముందు అద్దం మొదలు దగ్గర పెట్టకూడదు, అక్కడ పీడనం ఎక్కువ గనుక గాలి బయటికి పోయే బదులు లోపలికి వస్తుంది.

ఇంజన్‌లోనే తప్పుంటే ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) చూడాలి. ఆయిల్ మోతాదు మించితే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది. నురుగు వేడిని సరిగా మోయదు, పీడనపు ముల్లూ వణుకుతుంది. వేడికి పరిష్కారంగా చిక్కటి ఆయిల్ పోయడం కూడా ఆలోచించి చేయవలసిన పని, ఎందుకంటే చిక్కదనం పొరను కాపాడినా కోత వల్ల పుట్టే వేడిని పెంచుతుంది. కంప్రెషన్ లీకై వేడి వాయువులు క్రాంక్‌కేసులోకి (క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గదిలోకి) దిగుతున్నాయేమో లీక్‌డౌన్ పరీక్షతో, అంటే సిలిండర్‌లోకి ఒత్తిడితో గాలి పంపి ఎంత లీకవుతోందో చూసి, తెలుసుకోవచ్చు. మార్పు చేసిన ప్రతిసారీ బయటి గాలి ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలి. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే ఆయిల్ కూడా సుమారు అంతే పెరుగుతుంది గనుక, చల్లని ఉదయం వచ్చిన మెరుగుదలను మరమ్మతు ఖాతాలో వేసుకోవడం తప్పు.

చివరగా ఫిల్టర్‌ను కోసి, మడతల కాగితాన్ని విప్పి వెలుతురులో చూడాలి. రాగి రంగు మెరుపులు కనిపిస్తే బేరింగులు అరగడం మొదలైంది, ఇంజన్‌ను విప్పే వరకు మళ్లీ స్టార్ట్ చేయకూడదు. ఆ ఇంజన్‌తో నడిచిన కూలర్‌ను కూడా మార్చేయాలి. దాని సన్నని దారుల్లో ఇరుక్కున్న లోహపు రజను ఎంత కడిగినా పూర్తిగా పోదు, కొత్త ఇంజన్ బేరింగుల్లోకి మొదటి ల్యాపులోనే చేరగలదు.